ముఖమెరిగిన సాక్షి

మనుషులు ఎదురుగా వస్తున్నప్పుడు అతుకులమ్మ పలకరించేది కాదు. వాళ్ళు తనను దాటి నాలుగడుగులు వేశాక గిరుక్కున వెనక్కి తిరిగి, వాళ్ళ వీపులకు నమస్కారం పెట్టేది. బజారులో అది చూసి నవ్వుకోనివాళ్ళు లేరు. "మా కోడలికి మర్యాద బోలెడు, కాకపోతే కాస్త ఆలస్యంగా వస్తుంది" అనేది వాళ్ళ అత్తగారు.

అందులో అతుకులమ్మ తప్పేం లేదు. ఆమె పనే అలాంటిది.

ఆ ఊళ్ళో మూడు రకాల మనుషులు ఉండేవాళ్ళు. మేడల మీద రెక్కలవాళ్ళు. బడులూ, కచేరీలూ, చట్టాలూ వాళ్ళవే, పెట్టి పుట్టినవాళ్ళు. మేడల కింద వీధుల్లో అడుగులవాళ్ళు. రెక్కలు లేవు గనక ఏ పనికైనా మెట్లెక్కి దిగవలసినవాళ్ళు. ఇక కాలవ ఒడ్డున మొప్పలవాళ్ళు. మెడకు తడిగుడ్డ చుట్టుకుని వీధుల్లోకి వచ్చేవాళ్ళు, ఆ గుడ్డ ఆరేలోపు పని చూసుకుని నీళ్ళ దగ్గరికి పోయేవాళ్ళు. వాళ్ళు ఎవరింటి గుమ్మమూ తొక్కకూడదు. అతుకులమ్మది నడిమి జాతి. పైవాళ్ళ ముందు తల వంచుకోవడం, కిందివాళ్ళ ముందు తలుపు వేసుకోవడం, ఈ రెండూ ఆ జాతికి పుట్టుకతో వచ్చే విద్యలు.

రెక్కలవాళ్ళకు ఈకలు విరుగుతుంటాయి. కిటికీలకు తగిలీ, గాలివానల్లోనూ, ఒక్కోసారి ఆలుమగల తగాదాల్లోనూ. విరిగిన ఈకను ఏటవాలుగా కోసి, బోలుగా ఉండే కాడలో జిగురు రాసిన సన్నటి పుల్ల దూర్చి, పాత ఈకల బుట్టలోంచి సరిపోయేది ఏరి దానికి తొడిగి, నీలం దారంతో నాలుగు చుట్లు చుట్టి, పైన ఈకనూనె పట్టించాలి. అదీ అతుకుపని. భర్త పోయి పదేళ్ళయినా, అత్తాకోడళ్ళిద్దరూ ఒకరి ముందు చేయి చాపకుండా బతికింది ఆ అతుకుల మీదే.

అయితే దానికో పద్ధతి ఉంది. రెక్క విప్పి ఒకరి చేతికి అప్పగించిన వేళ ముఖం కనబడితే పైవాళ్ళకు పరువు తక్కువట. అందుకని ఆ గదికి రెండు తలుపులు. వచ్చిన మనిషి ముందు తలుపులోంచి వచ్చి, ముక్కాలిపీట మీద గోడవైపు తిరిగి కూర్చుని దగ్గుతాడు. ఆ దగ్గు విన్నాకే అతుకులమ్మ వెనక గదిలోంచి రావాలి. మాటా మంతీ ఉండదు. పని అయ్యాక, వేలికున్న ఇత్తడి తొడుగుతో పీట అంచు మీద టక్ టక్‌మని రెండుసార్లు కొడుతుంది. వచ్చినవాళ్ళు రెక్కలు ముడుచుకుంటారు. ఆమె లోపలికి వెళ్ళిపోయాక వాళ్ళు లేచి వెళ్తారు. అలా ఆమెకు ఊళ్ళో సగం మేడల వీపులు కొట్టినపిండి. పౌడరమ్మ, గూనాయన, ఎడంవంక అని పేర్లు కూడా పెట్టుకుంది. ఎడంవంక అంటే, చిరాకు పుట్టినప్పుడల్లా ఎడమ రెక్క వంకరగా పైకి లేచే ఒకాయన. పద్దెనిమిదేళ్ళుగా వస్తున్నాడు. ముఖం మాత్రం, నల్లగా ఉంటుందో తెల్లగా ఉంటుందో ఆమెకు తెలియదు.

అంతా సాఫీగా సాగుతుండగా పైవాళ్ళు ఒక చట్టం చేశారు. ఇకమీదట ఏ పని చేసుకునేవాళ్ళయినా కచేరీలో బిళ్ళ తీసుకోవాలి. బిళ్ళ కావాలంటే, తమకన్నా ఒక మెట్టు పైజాతి మనిషి వచ్చి "ఈ మనిషి ముఖం నేనెరుగుదును" అని సాక్షి సంతకం పెట్టాలి. నెలాఖరుకల్లా బిళ్ళ లేనివాళ్ళు పని మానుకోవాలి. చావుకబురు చల్లగా చెప్పినట్టు ఆ మాట చాటి వెళ్ళారు. మరి రెక్కలవాళ్ళకు సాక్షి ఎవరయ్యా అంటే, వాళ్ళకు అక్కర్లేదట. వాళ్ళ ముఖాలు వాళ్ళే ఎరుగుదురు!

అతుకులమ్మ వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. ముప్ఫై మంది రెక్కలు ఆమె చేతుల మీదుగా ఎగురుతున్నాయి, ఆమె ముఖం ఎరిగినవాడు ఒక్కడు లేడు. పోనీ తనే వెళ్ళి అడుగుదామంటే వాళ్ళ ముఖాలు తనకు తెలియవు. మేడల మెట్ల దగ్గర మూడు రోజులు నిలబడింది. పౌడరమ్మ వీపు కనబడగానే పరుగున వెళ్ళి కష్టం చెప్పుకుంది. ఆవిడ వెనక్కి తిరిగి, ఎవరీ ముక్కూమొహం తెలియని మనిషి అన్నట్టు చూసి, రెక్క విదిలించుకుని ఎగిరిపోయింది. ఆ రెక్కలో తను అతికిన ఈకలే ఏడున్నాయి.

నెలాఖరు రోజు అత్తగారే ఆమెను కచేరీకి తరిమింది. "ఇంట్లో కూర్చుని ఏడిస్తే సాక్షి గోడలోంచి ఊడిపడతాడా? పో, వరసలో నిలబడు. ఎవడి మనసు ఎప్పుడు మెత్తబడుతుందో" అంది. తను అతుకుపని చేసిన కాలంలో ఆవిడా ఒక్క ముఖం చూసి ఎరగదు.

కచేరీ హాలు పెద్దది. ఎత్తయిన బల్ల వెనక గుమాస్తా, ఆయన వెనక కప్పుదాకా దస్త్రాల అరలు. అతుకులమ్మ వెనక వరసలో ఒక మొప్పలావిడ, మెడకు తడిగుడ్డతో, నేల మీద నీటిచుక్కలు రాలుస్తూ నిలబడింది. అతుకులమ్మ అలవాటుగా కాస్త ఎడంగా జరిగింది.

వంతు వచ్చింది. గుమాస్తా తల ఎత్తలేదు. ఏం పని అన్నాడు, చెప్పింది. సాక్షి ఎవరన్నాడు, ఎవరూ రాలేదంది. రాకపోతే బిళ్ళ లేదు, ఆ పనివాళ్ళ చిట్టాలోంచి నీ పేరు తీసేయాలి అంటూ ఆయన విసుగ్గా లేచి, దస్త్రం కోసం అరలవైపు తిరిగాడు.

తిరగగానే ఎడమ రెక్క వంకరగా పైకి లేచింది.

అతుకులమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. మూడో ఈక మొదట్లో తన నీలం దారం, నాలుగు చుట్లు. ఒక చుట్టు వదులైంది కూడా. కావాలని చేసిందో, చేతికున్న అలవాటో, తర్వాత ఎంత ఆలోచించినా ఆమెకే తెలియలేదు. ఇత్తడి తొడుగుతో బల్ల అంచు మీద టక్ టక్‌మని రెండుసార్లు కొట్టింది.

గుమాస్తా రెక్కలు రెండూ బుద్ధిగా ముడుచుకున్నాయి.

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన దస్త్రం చేత్తో పట్టుకుని మెల్లగా ఇటు తిరిగాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఏదో అనబోయి, ఆమె వేలికున్న తొడుగు చూసి ఆగిపోయాడు.

"ఆ చప్పుడు నువ్వేనా?" అన్నాడు చాలా చిన్నగా.

"నేనేనండి. మూడో ఈక దారం వదులైంది. రెండు రోజుల్లో ఒకసారి రండి, లేకపోతే ఊడుతుంది."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. నుదుటి మీద జిగురు మరక దగ్గర్నుంచి గడ్డం దాకా, తప్పిపోయిన వస్తువును వెతుక్కుంటున్నట్టు చూశాడు. తర్వాత కలం ముంచి, సాక్షి అన్నచోట తన పేరే రాసుకున్నాడు. "ఇప్పుడు ఎరిగాను కదా" అని బిళ్ళ చేతిలో పెట్టాడు.

నెత్తిన పాలు పోసినట్టయింది అతుకులమ్మకు. బిళ్ళను కొంగున ముడేసుకుని గబగబా వెళ్ళిపోబోయింది. ఇంతలో వెనక మొప్పలావిడ వంతు వచ్చింది. గుమాస్తా ఆవిణ్ణీ అదే అడిగాడు. నీ సాక్షి ఎవరు? మొప్పలవాళ్ళకు సాక్షి చెప్పవలసింది అడుగులవాళ్ళు. మొప్పలావిడ తడబడుతూ చేయి చాపి అతుకులమ్మను చూపించింది.

"ఈ తల్లేనండి. పదకొండేళ్ళుగా ఆవిడ వెనక గుమ్మంలో ఈకనూనె పెట్టేది నేనే."

"ఈమె ముఖం ఎరుగుదువా?" అని గుమాస్తా అతుకులమ్మను అడిగాడు.

రోజు విడిచి రోజు తెల్లారేసరికి గుమ్మంలో బుడ్డి ఉండేది. ఖాళీబుడ్డి పెడితే నిండుబుడ్డి వచ్చేది. ఎవరు తెస్తారని ఏనాడూ తలుపు తీసి చూడలేదు. ఆ ముఖం నిజంగా తెలియదు. తెలియదంటే ఆవిడ కూడు పోతుంది. మేడల మెట్ల దగ్గర పౌడరమ్మ తనను చూసిన చూపు గుర్తొచ్చింది, సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"బుడ్డి మూతగుడ్డకు రెండు ముళ్ళు వేసేది నువ్వేనా?" అని అడిగింది.

"నేనేనమ్మా. ఒక్క ముడైతే నూనె ఒలుకుతుంది."

అతుకులమ్మ దగ్గరికి వెళ్ళి ఆవిణ్ణి నిలువునా చూసింది. గుండ్రటి ముఖం, కనుబొమ్మ మీద పాత గాటు, భయంతో అదిరే మొప్పలు. తనకన్నా నాలుగేళ్ళు చిన్నదై ఉంటుంది. "ఎరుగుదును, రాయండి" అంది.

ఆ సాయంత్రం అత్తగారు బిళ్ళను కొరికి చూసింది, వేళ్ళతో రుద్ది చూసింది, ఇక చచ్చినా ఫరవాలేదంది. మరి చావలేదనుకోండి, అది వేరే సంగతి.

రెండు రోజుల తర్వాత ఎడంవంక వచ్చాడు. దగ్గు వినబడగానే అతుకులమ్మ జుట్టు సవరించుకుని మరీ వెళ్ళింది. ఆయన ఎప్పటిలాగే గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. పాత దారం తీసి కొత్తది చుట్టింది. అవసరం లేకపోయినా నూనె రెండుసార్లు పట్టించింది. తిరుగుతాడేమో, ఒక్క మాటంటాడేమో అని చూసింది. చివరికి టక్ టక్‌మని కొట్టింది. రెక్కలు ముడుచుకున్నాయి. తిరగలేదు. ఆమె లోపలికి వెళ్ళేదాకా ఆగి, లేచి వెళ్ళిపోయాడు.

అతుకులమ్మకు దుఃఖం ఆగలేదు. వెనక గదిలో అత్తగారి మంచం పక్కన కూలబడి ఏడ్చింది. "ముఖం ఎరుగుదునని సంతకం పెట్టిన మనిషే అత్తయ్యా! ఒక్కసారి ఇటు తిరిగితే ఆయన సొమ్మేం పోయింది?"

అత్తగారు ఓదార్చే రకం కాదు. "నిన్న పొద్దున నూనెబుడ్డి వచ్చింది. నువ్వు తలుపు తీశావా?" అంది.

అతుకులమ్మ ఏడుపు ఆగిపోయింది. కొడవలి లాంటి మాట. అత్తగారు జాలితో అన్నది కాదు, వాదనలో నెగ్గాలని అన్నది. మొప్పలవాళ్ళ నీడ పడినా గడప కడిగించే మనిషి ఆవిడ. అయినా మాట నిజమే. సాక్షి చెప్పాను, నా వంతు తీరిందనుకుంది అతుకులమ్మ. ఎడంవంక కూడా అదే అనుకుని ఉంటాడు.

మర్నాడు ఇంకా వెలుతురు రాకుండానే వెనక తలుపు దగ్గర చేరగిలబడింది. తడికాళ్ళ చప్పుడు వినబడింది. బుడ్డి రాతిమెట్టుకు తగిలిన చిన్న శబ్దం వచ్చింది. తలుపు తీసింది.

మొప్పలావిడ ఉలిక్కిపడి వెనక్కి జరిగి, చటుక్కున తల అటు తిప్పేసుకుంది. "నూనె తక్కువైందామ్మా? రేపు నిండుగా తెస్తాను" అంది గోడకేసి చూస్తూ.

"నూనెకేం, బాగానే ఉంది. ఇటు తిరుగు" అంది అతుకులమ్మ.

ఆవిడ తిరగడానికి చాలాసేపు పట్టింది. గడపకు అటొకరూ ఇటొకరూ అలాగే నిలబడిపోయారు. కాలవ మీద నుంచి ఈదురుగాలి గదిలోకి కొడుతోంది.

లోపల మంచం కిర్రుమంది. "ఏమే, ఎంతసేపలా తలుపు బార్లా తీసి నిలబడతారు? చలికి చస్తున్నాను" అని అత్తగారు కసిరింది. "ఆ పిల్లని లోపలికి రమ్మని తలుపేసుకో."