తెర మీద వాన

వనపర్తి బస్టాండు వెనక కంప్యూటర్ సెంటర్లో నేను మల్టీమీడియా కోర్సు నేర్చుకుంటున్న రోజులవి. రెండువేల నాలుగో, ఐదో అయివుంటుంది. తెర మీద అక్షరాలను కదిలించి ఏదైనా చేసి చూపమన్నారు మా సారు. నేను ‘వాన’ అన్న మాట ఎంచుకున్నాను. తెలుగులో టైపు చేస్తే అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వచ్చేవి కాబట్టి, మౌసుతో ఒక్కో వంపూ గీసుకున్నాను. మౌసు బాణం గుర్తు తగిలితే చాలు, ముందు తలకట్టు ఊడేది, తర్వాత దీర్ఘం. అన్నీ చినుకులై రాలిపోయేవి.

మా నాయిన ఖిల్లా ఘణపూర్ దగ్గర సేద్యం చేసేవాడు. ఒకరోజు నన్ను చూడ్డానికి సెంటర్‌కొచ్చాడు. మౌసు ఆయన చేతికిచ్చాను. కూడబలుక్కుని ‘వాన’ అని చదివి, చెయ్యి కదిపాడు. అక్షరాలు రాలాయి. నవ్వుకుంటూ మళ్లీ మళ్లీ రాల్చి, చివరికి చెయ్యి తీసేశాడు.

"మనం ముట్టకుంటే పడదా బిడ్డా?"

పడదన్నాను.

"దానంతట అదే పడేటట్టు చెయ్యొస్తదా?"

ఆ మాట నన్ను వదల్లేదు. కంప్యూటర్లో గడియారం నడుస్తూనే ఉంటుంది కదా. దాన్ని ఆసరా చేసుకుని మొత్తం మార్చాను. ముట్టకుండా ఉంటేనే వాన పడుతుంది, ఎంతసేపటికన్నది కంప్యూటరే ఎంచుకుంటుంది, నాకూ తెలియదు. అప్పటిదాకా అక్షరాలు రంగు వెలిసి, సన్నగా పగుళ్లు తేలుతుంటాయి. తోటివాళ్లు కాసేపు చూసి, విసుగొచ్చి మౌసు కదిపేవారు. అంతా మొదటికొచ్చేది.

మృగశిర కార్తె దాటినా చినుకు పడని రోజుల్లో నాయిన మళ్లీ వచ్చాడు. కొన్న పల్లి విత్తనాల సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని తెర ముందు కూర్చున్నాడు. చేతులు ఒళ్లో ఉన్నాయి. పొలం గట్టు మీద నిలబడి పడమటి మబ్బును చూసే చూపే అది. ఆయన ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయింది.

ఉన్నట్టుండి తలకట్టు ఊడింది. చినుకులు మొదలయ్యాయి. నాయిన గబుక్కున వంగి సంచిని ఒళ్లోకి లాక్కున్నాడు. మరుక్షణం తనే సిగ్గుపడ్డాడు.

"తడుస్తయనిపించింది బిడ్డా."

నేను గీసిన గీతలకు ఒక మనిషి విత్తనాలు దాచుకున్నాడు.

తర్వాత అదే పని నా బతుకుతెరువైంది. ఎన్నో తెరలకు అక్షరాలు చేశాను. ఆ ‘వాన’ చేసిన సాఫ్ట్‌వేర్ ఇప్పుడు లేదు, ఏ కంప్యూటరూ దాన్ని తెరవలేదు. నా అక్షరాల ముందు అంత ఓపిగ్గా కూర్చున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.