నిమ్ పోకముందే

పొద్దున ఐదింటికి సారెత్ సైకిల్ చైనుకు నూనె వేస్తుండగా నిమ్ వాళ్ల ఊరి నుంచి ఫోన్ వచ్చింది. నిమ్ ఇంకా బతికే ఉన్నాడు. ఇవాళ గడిస్తే గొప్పేనట.

సారెత్‌కు యాభై దాటాయి. ఇరవై రెండేళ్లుగా కంపాంగ్ థామ్ పల్లెల్లో తిరిగి ఆడవాళ్ల జుట్టు కొంటోంది. బుట్టలో కత్తెర, దువ్వెన, తక్కెడ. హ్యాండిల్‌కు మైకు. నిమ్ బతుకు ఆమెకు పట్టదు. ఆమె కన్ను అతని భార్య కున్థియా జుట్టు మీద. తుంటి దాటిన జుట్టు, ఏనాడూ రంగు తగలనిది, పదేళ్లుగా అడుగుతున్నా ఇవ్వనిది. ఆ ఊళ్లో మొగుడు పోతే పెళ్లాం గుండు చేయించుకుంటుంది, ఆ జుట్టు చితిలో వేస్తారు. అందుకే అతనికి ఊపిరి ఉండగా చేరాలి. దూరం నలభై ఆరు కిలోమీటర్లు.

ఎర్రమట్టి దారి, ఎదురుగాలి. మూడు పల్లెలు దాటినా మైకు వేయలేదు. ఒక అమ్మాయి జడ పట్టుకుని చూపిస్తూ పిలిచినా ఆగలేదు. నాలుగో ఊళ్లో కాళ్లు లాగేస్తుంటే చెరకురసం బండి దగ్గర దిగింది.

"జుట్టు పిన్నీ, మా ఆయన బట్టతల కొంటావా?" అంది బండి ఆవిడ.

"తలతో సహా ఇస్తే చూస్తాలే."

"నిమ్ ఇంటికేగా? రాబందు కూడా ప్రాణం పోయాకే వాలుతుంది."

"పోయాక వెళితే నాకేం మిగులుతుందే?" అని గ్లాసు పెట్టేసి సైకిలెక్కింది.

పదిన్నరకు చేరింది. స్తంభాల మీద ఎత్తుగా కట్టిన ఇంటి కింద వెదురు మంచం మీద నిమ్ పడుకుని ఉన్నాడు. పొట్ట ఉబ్బింది, కళ్లు పచ్చబడ్డాయి. కున్థియా విసనకర్రతో విసురుతోంది.

సారెత్ ఆమెను పెరట్లోకి పిలిచింది. "రేపు మంటల్లో పోయేదే కదా చెల్లీ. మెడ దాకా ఉంచి కోస్తాను. గుండుకు అది చాలు."

"ఆయన బతికుండగా కత్తెర పెడితే చావు కోరినట్టే కదక్కా?"

వెనక నుంచి కున్థియా అత్తగారు అందుకుంది. "శవపెట్టె కొనాలి, సన్యాసులకు భోజనాలు పెట్టాలి. నీ జుట్టు కాలిస్తే అవన్నీ వస్తాయా? కండువా కట్టుకో. వాడికి చూపెక్కడ ఆనుతోంది?"

కున్థియా అరుగు మీద కూర్చుంది. సారెత్ జుట్టును నాలుగు పాయలు చేసి, రబ్బరు బిగించి, కోసింది. కున్థియా ఏడుస్తున్నా ఆగలేదు. తల కదిలితే కొసలు వంకరపోతాయని గడ్డం గట్టిగా పట్టుకుంది.

గళ్ల కండువా చుట్టుకుని కున్థియా మళ్లీ విసనకర్ర అందుకుంది. నిమ్ చెయ్యి ఎత్తాడు. రోజూ చేసే పనే, జడ పట్టుకుని నిద్రపోవడం. వీపు మీద తడిమాడు. భుజం మీద తడిమాడు. కండువా లాగాడు.

"నేను పోయానా?" అని అడిగాడు.

అతను స్తంభం వైపు తిరిగాడు.

సారెత్ అప్పటికే తూకం వేసి, డబ్బు అత్తగారి చేతిలో పెట్టి, సైకిల్ తిప్పుకుంది. వెళ్లేటప్పుడు మైకు వేసింది. అమ్మాయి పిలిచిన ఊళ్లో ఆగి ఆ జడ కూడా కొంది.

నిమ్ ఆ రాత్రి పోలేదు. మర్నాడూ పోలేదు. గంజి తల్లి పోస్తేనే తాగాడు, కున్థియా గిన్నె పట్టుకుని దగ్గరికొస్తే నోరు బిగించాడు. అలా ఇంకా పందొమ్మిది రోజులు బతికాడు.