అక్కకు నేను చెప్పిన ధైర్యం

ఆ సోమవారం పొద్దున పళ్లు తోముకుని నోట్లో నీళ్లు పోసుకుంటే, పుక్కిలించకముందే ఎడమ పక్క నుంచి కారిపోయాయి. నిద్రమత్తు అనుకున్నాను. మళ్లీ పోసుకున్నాను, మళ్లీ కారాయి. అద్దం దగ్గరికి పోయి చూసుకుంటే ముఖంలో సగమే నాది. కుడి పక్క ఎప్పటిలాగే ఉంది. ఎడమ పక్క నుదుటి మీద ముడతలు పోయి నున్నగా అయింది, చెంప జారింది, పెదవి కొస కిందికి వేలాడుతోంది. కళ్లు మూసుకోబోయాను. కుడి కన్ను మూసుకుంది. ఎడమ కన్ను మాత్రం అద్దంలోకి చూస్తూనే ఉంది.

అప్పటికి నాకు నలభై మూడేళ్లు. మేముండేది కోదాడలో. అక్కడికి దగ్గర్లోని ఒక ఊరి సర్కారు బడిలో ఒకటి, రెండు తరగతుల పిల్లలకు చెప్తాను. మా ఆయనకు కరెంటు మోటార్లు బాగుచేసే దుకాణం ఉంది. మా అత్తమ్మ మాతోనే ఉంటుంది.

అంతకు రెండు రోజుల ముందు నుంచే ఎడమ చెవి వెనక ఒకటే సలుపు. శనివారం బడి గంట కొడితే ఆ చెవిలో ఏదో పగిలినట్టు వినపడింది. చాయ్ తాగితే నాలుక మీద ఇనుప ముక్క పెట్టినట్టుంది. చలి రోజులు, ఆటోలో ఎదురుగాలికి కూర్చున్నాను, పడిశం పట్టేటట్టుంది అనుకుని ఊరుకున్నాను.

అత్తమ్మ నన్ను చూసి చేతిలో చెంబు కింద పెట్టేసింది. "అయ్యో బిడ్డా, మూతి వంకర పోయిందే! గాలి సోకింది నీకు."

"దవాఖానకు పోదాం, బయలెల్లు" అన్నాడు మా ఆయన.

"దవాఖానల సూదులు పొడిస్తే ఉన్నది గూడ పోతది. పాలకీడు దిక్కు ఒకాయన పసరు పోస్తడు. మా అక్క కొడుక్కు గట్లనే సక్కగైంది" అంది అత్తమ్మ.

తప్పు ఆమె మీదికి తోసెయ్యలేను. పసరుకే పోదామన్నది నేనే. చదువుకున్నదాన్ని, పది మంది పిల్లలకు చెప్పేదాన్ని, అయినా ఆ పొద్దున నాకు దవాఖాన అంటే భయమేసింది. డాక్టరు నోటి నుంచి పక్షవాతం అనే మాట వస్తుందేమోనని భయం. పసరు పోసేవాడు ఆ మాట అనడు, గాలి అంటాడు. గాలైతే వచ్చినట్టే పోతుంది కదా అనిపించింది.

మోటర్ సైకిల్ మీద పోయాం. ఎడమ కన్ను మూతపడక దారి పొడుగూ దుమ్ము కంట్లోనే పడింది. పసరు పోసే ఆయన నా చెవిలో ఆకు పసరు పిండి, చెంపకు ఏదో లేపనం రాసి, ఇంగ్లీషు మందులు ముట్టొద్దు, మూడు రోజులు తలకు పోసుకోవద్దు అన్నాడు. మంగళవారం మళ్లీ పోయాం. బుధవారానికి కన్ను ఎర్రగా చింతనిప్పులా అయింది. ముఖం మాత్రం అట్లాగే ఉంది.

బడికి రాలేదేమని మా హెడ్మాస్టర్ మేడం బుధవారం మధ్యాహ్నం ఇంటికొచ్చింది. నన్ను చూసి కూర్చోలేదు. "ఎన్ని రోజులైంది?" అంది. చెప్పాను. "పసరు తర్వాత పోయించుకుందువు గాని, లే. చీర మార్చుకో" అంది. ఆమే దగ్గరుండి బస్సు ఎక్కించింది, సూర్యాపేట పెద్ద దవాఖాన దాకా మాతో వచ్చింది.

అక్కడ చూసిన డాక్టరమ్మ మా బడిలో కొత్తగా చేరిన టీచర్లకంటే చిన్నదిలా ఉంది. "నుదురు పైకి లేపండి. కళ్లు గట్టిగా మూయండి. పళ్లు చూపించండి. బుగ్గలు ఊదండి" అంది. ఒక్కటీ ఎడమ పక్క జరగలేదు. తర్వాత రెండు చేతులు ముందుకు చాపి పట్టుకోమంది, నడిపించింది, ఒక వాక్యం చెప్పించింది. చెవి లోపల, వెనక పొక్కులున్నాయేమో లైటు వేసి వెతికింది. షుగరు చూసింది, కొద్దిగా ఎక్కువే ఉంది. అది ఉన్నట్టు నాకు ఆ రోజు దాకా తెలియదు.

"ఇది మెదడుకు వచ్చిన పక్షవాతం కాదమ్మా" అంది చివరికి. "చెవి వెనక ఎముకలో సన్నటి దారి ఉంటుంది. ముఖాన్ని కదిలించే నరం అందులోంచే వస్తుంది. ఆ నరం వాచింది. దారి ఇరుకు కాబట్టి నలిగిపోయి పనిచెయ్యడం మానేసింది."

"గాలికా?"

"ఎందుకు వస్తుందో చాలాసార్లు మాకూ కచ్చితంగా తెలియదు. వాపు తగ్గించే గోళీలిస్తాను. మూడు రోజుల లోపల మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి. మీరు మూడో రోజు చివర్లో వచ్చారు. కంటి మీద ఇప్పటికే గీరు పడింది. గంట గంటకు చుక్కలు వెయ్యండి. పడుకునేటప్పుడు మందు పెట్టి, రెప్పను దించి టేపు వెయ్యండి. ముఖం ఎప్పుడో అప్పుడు తిరిగి వస్తుందేమో గాని, కన్ను పోతే రాదు."

నేను ఏడిస్తే ఎడమ కంట్లోంచే ఎక్కువ నీళ్లు కారాయి. ఆమె నా భుజం మీద చెయ్యేసింది. "భయపడకండి. ఎక్కువ మందికి తగ్గిపోతుంది. కానీ ఒక మాట గుర్తుంచుకోండి. ముఖం వంకరపోయిన ప్రతిదీ ఇదే కాదు. మెదడు దెబ్బకు కూడా మూతి వంకరపోతుంది. అప్పుడు నుదురు మామూలుగా కదలొచ్చు, చెయ్యో కాలో పట్టు తప్పొచ్చు, మాట తడబడొచ్చు. ఏది ఏదో ఇంట్లో కూర్చుని తేల్చుకోవద్దు. ఆ క్షణమే పరుగెత్తాలి."

ఆమె రెండు మాటలు చెప్పింది. నేను ఒక్కటే ఇంటికి తెచ్చుకున్నాను. భయపడకండి, తగ్గిపోతుంది.

విషయం తెలిసి మిర్యాలగూడ నుంచి మా అక్క వచ్చింది. అక్క నాకంటే ఏడేళ్లు పెద్దది. బావ రైసు మిల్లులో పని చేస్తాడు. అక్క ఇంటి ముందు గదిలో మిషను వేసుకుని జాకెట్లు కుడుతుంది, చీరలకు ఫాల్ వేస్తుంది. పండుగల ముందు ఆమెకు ఊపిరి సలపదు. అయినా పని పక్కన పెట్టి పది రోజులు నా దగ్గరుంది. పెరుగన్నం మెత్తగా పిసికి, చిన్న ముద్దలు చేసి కుడి బుగ్గలో పెట్టేది. అన్నం బయటికొస్తే కొంగుతో తుడిచేది. నేను సిగ్గుపడితే, "చిన్నప్పుడు తుడవలేదా నేను? గిప్పుడు కొత్తా?" అనేది.

మూడు వారాలకు బడికి పోయాను. పిల్లలకు ప, ఫ, బ, భ, మ చెప్పబోతే పెదవులు కలవక గాలి తుస్సున పోయింది. ముందు వరసలో కూర్చునే ఒక ఆడపిల్ల నా ముఖంలోకి చాలాసేపు చూసి, "మేడం, మీరు నవ్వుతున్నరా, ఏడుస్తున్నరా?" అని అడిగింది. ఎగతాళి కాదు, నిజంగా తెలియక అడిగింది. నవ్వుతున్నాను అని చెప్పాను. ఇంటికొచ్చి ఆ మాటే తలుచుకుని, పెళ్లి ఫొటో ఉన్న గోడ వైపు చూడకుండా కూర్చున్నాను.

నాలుగు నెలలకు చాలావరకు సర్దుకుంది. ఇప్పటికీ నవ్వితే ఎడమ కన్ను చిన్నదవుతుంది, అన్నం నములుతుంటే ఆ కంట్లో నీరు తిరుగుతుంది. మిగతాదంతా బాగానే ఉంది. అప్పటినుంచి మా వాడలో నేనొక తెలిసినదాన్ని అయిపోయాను. ఎవరి మూతి కాస్త వంకరగా కనబడినా నన్ను అడిగేవారు. "పరేషాన్ కావద్దు, నాకు రాలేదా, తగ్గలేదా" అనేదాన్ని. పది మందికి ధైర్యం చెప్తున్నానని నాకు లోపల సంతోషంగా కూడా ఉండేది.

మరుసటి ఏడాది వానాకాలం, నాట్లు పడుతున్న రోజులు. బడిలో పదకొండు గంటలప్పుడు అక్క ఫోన్ చేసింది. మాట ముద్దగా వచ్చింది.

"చెల్లే, నీకొచ్చిందే నాకొచ్చిందే. పొద్దుగాల ఎనిమిదింటికి అద్దంల సూసుకుంటే మూతి కుడి దిక్కు జారిపోయింది. నువ్వు మింగిన గోళీల పేరేంది?"

"బావ ఏడి?"

"మిల్లుకు పంపిన. పాపం ఆగమాగమైండు. చెల్లెకు గిట్లనే తగ్గింది, నువ్వు పో అని చెప్పిన. ఎడమ చేత్తోని పట్టుకున్న ఫోను. కుడి చెయ్యి తిమ్మిరెక్కింది, రాత్రి దాని మీద పండుకున్నట్టున్న."

నేనేమన్నానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "భయపడకు అక్కా. రేపు పొద్దున నేనొస్తా. ఇద్దరం కలిసి సూర్యాపేటకు పోదాం. కంట్లో దుమ్ము పడకుండ సూసుకో."

ఫోన్ పెట్టేసి తరగతిలోకి పోయాను. కూడికలు రాయించాను. పలకలు తెచ్చి చూపిస్తుంటే దిద్దుతున్నాను. ఒక పిల్లాడు ఎడమ చేత్తో రాస్తున్నాడు. వాడి చెయ్యి చూస్తుంటే అక్క మాట మళ్లీ వినపడింది. కుడి చెయ్యి తిమ్మిరెక్కింది. ముఖం నరం వాస్తే చెయ్యెందుకు తిమ్మిరెక్కుతుంది? నాకు ఎక్కలేదు. డాక్టరమ్మ నా చేతులు రెండూ చాపించి చూసింది ఇందుకే కదా! అప్పటికి నలభై నిమిషాలు గడిచిపోయాయి.

అక్కకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. బావకు చేశాను. మిల్లు చప్పుడులో ఆయనకు వినపడలేదు, నాలుగోసారికి ఎత్తాడు. "బావా, ఇంటికి ఉరుకు. అక్కను రెండు చేతులు లేపమను. నుదురు లేపమను. ఏమీ లేపకపోయినా సరే, లేపినా సరే, అంబులెన్సు పిలువు. తలకు స్కానింగ్ తీసే దవాఖానకే తీసుకపో. ఎనిమిదింటికి మొదలైందని చెప్పు" అని అరిచాను. పక్క తరగతి పిల్లలు కూడా తలుపు దగ్గరికొచ్చి చూశారు.

బావ పోయేసరికి అక్క మిషను పక్కన నేల మీద ఒరిగి ఉంది. తెలివిలోనే ఉంది. నుదురు రెండు పక్కలా ముడతలు పడింది. కుడి చెయ్యి మాత్రం లేపితే కింద పడిపోయింది. స్కానింగ్ అయ్యేసరికి ఒంటి గంట దాటింది.

నేను హుజూర్‌నగర్ మీదుగా రెండు బస్సులు మారి మిర్యాలగూడ దవాఖానకు చేరేసరికి అక్కకు సెలైను ఎక్కుతోంది. అక్కడి డాక్టరు మా ఇద్దర్నీ బయటికి పిలిచి చెప్పాడు. "మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడింది. దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఉంది. మొదలైన నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. మీరొచ్చేసరికి దాటిపోయింది. ఈమెకు బీపీ ఉందంట, గోళీలు కూడా ఆపేసిందంట కదా." ఆ మాట అనడంలో ఆయన కోపం చూపలేదు. కోపగించుకుంటే నాకు కొంచెం తేలికయ్యేదేమో.

బావ గోడకు ఒరిగి, "నేను మిల్లుకు పోకుంటే గిట్ల గాకపోతుండె" అంటూ అదే మాట అంటున్నాడు. పదకొండింటికి నాకు ఫోన్ వచ్చిందన్న సంగతి ఆయనకు అప్పటికింకా తెలియదు. పదకొండింటికే పంపించి ఉంటే సమయం చాలేదేమో, చాలకపోయేదేమో. ఆ లెక్క ఇప్పటికీ తేలలేదు. తేల్చి చెప్పగలవాళ్లు కూడా లేరు.

అక్క బతికింది. మూడు వారాలకు ఇంటికొచ్చింది. ఫిజియోథెరపీ చేయించాం. ఆరు నెలలకు పట్టుకుని నడిచింది, తర్వాత కర్ర లేకుండా నడిచింది. మాట నెమ్మదిగా, వెతుక్కుంటూ వస్తుంది. కుడి చేతి వేళ్లకు సూదిలో దారం ఎక్కించే పట్టు రాలేదు. మిషను చాలా రోజులు బట్ట కప్పి ఉండింది, తర్వాత పక్కింటి కోడలికి ఇచ్చేశారు.

ఆ ఏడాది దసరా సెలవుల్లో పోయి నాలుగు రోజులున్నాను. ఒక మధ్యాహ్నం బావ మిల్లుకు పోయినప్పుడు అక్కకు తల దువ్వుతూ చెప్పేశాను. "అక్కా, ఆ రోజు నువ్వు చెయ్యి తిమ్మిరి అని చెప్పినవ్. నేను విన్న. విని గూడ రేపు పోదాం అన్న. డాక్టరమ్మ నాకు ముందే చెప్పింది. నేను మర్చిపోయిన."

అక్క మాటలు వెతుక్కుంటోందో, నన్ను తిట్టాలనుకుంటోందో నాకు తెలియలేదు. చివరికి ఒక్కో మాటా కూడదీసుకుని అంది. "నువ్వు చెప్తే... ధైర్యమొచ్చింది. గందుకే... కూసున్న."

నీ తప్పు లేదు అనలేదు. నేనూ అది అడగలేదు. జడ అల్లి రబ్బరు పెట్టాను. ఎడమ చేత్తో వెనక్కి తడుముకుని, జడ మంచిగా వచ్చిందన్నట్టు తల ఊపింది.

బావకు ఆ సాయంత్రమే చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు బస్సెక్కించడానికి వచ్చి, "అక్కకు ఫోన్ చేస్తుండు" అని మాత్రం అన్నాడు.

పోయిన నెల మా బడిలో చదివే ఒక పిల్ల తల్లి పొద్దున్నే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చింది. కూలికి పోయే మనిషి. కొంగు తీస్తే మూతి వంకర. "మేడం, గిది మీకొచ్చిందే కదా? తగ్గిపోతదంట కదా?" అంది.

నుదురు లేపమనలేదు. చేతులు చాపమనలేదు. "ఎప్పటి నుంచి?" అని ఒక్కటే అడిగాను. ఇయ్యాల పొద్దుగాల నుంచి అంది. హెడ్మాస్టర్ మేడానికి చెప్పి, ఆటో పిలిచి, ఆమెను ఎక్కించి నేనూ ఎక్కాను. "పనికి పోవాలె మేడం, మాపటికి పోత" అని దారిలో రెండుసార్లు దిగబోయింది. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను.

కోదాడ దవాఖానలో డాక్టరు చూసి, పరీక్షలు చేసి, ముఖం నరమేనని తేల్చాడు. మొదటి రోజే వచ్చావు, మంచిదైంది అన్నాడు. గోళీలు, కంటి చుక్కలు రాశాడు. ఆమె బయట బెంచీ మీద కూర్చుని, ఒక పక్కకే వచ్చే నవ్వుతో నా వైపు తిరిగింది. "మీకు ముందే ఎరుక గదా మేడం. బడికాడనే చెప్తే అయిపోతుండె. ఊకె ఆగమైతిమి."

"నాకు తెల్వదమ్మా" అన్నాను. "సూసి చెప్పేటిది నేను కాదు."

ఆమె నమ్మినట్టు లేదు. చుక్కల సీసా మూత తిప్పి చూస్తూ, ఎన్ని గంటలకోసారి వెయ్యాలి అని అడిగింది.