అక్క కొట్టాల్సిన వంతు

ఆ ఆటను మా ఇంటికి తెచ్చినవాడు మా మరిది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తుండగా కంపెనీవాళ్లు ఇంటినుంచే పని చేసుకోమంటే, ల్యాప్‌టాప్ పట్టుకుని నారాయణఖేడ్ వచ్చేశాడు. వారమంతా మేడమీది గదిలో తలుపేసుకుని పని చేసేవాడు. ఆదివారం వస్తే మాత్రం ఏమీ తోచేది కాదు. అక్కడ స్నేహితులతో ఏళ్లుగా ఆడిన ఆట ఒకటుందనీ, నలుగురుంటే తప్ప రక్తి కట్టదనీ, ఖేడ్‌లో అలాంటివాళ్లు ఎక్కడ దొరుకుతారనీ అన్నం దగ్గర కూర్చున్నప్పుడల్లా అనేవాడు. వినీ వినీ, మేమే ఆడతాం పట్టుకురమ్మన్నాం.

దానికి పేకముక్కలు లేవు, గవ్వలు లేవు. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్లు ఆ కథలో తలా ఒక మనిషిగా మారి తిరుగుతారు. వాగు దాటాలా, వెనక్కి మళ్లాలా అన్నది వాళ్ల ఇష్టం. పోరాటం వచ్చినప్పుడు మాత్రం నేను బడినుంచి తెచ్చిన గ్రాఫ్ కాగితం నేలమీద పరిచేవాళ్లం. మేము సోడా సీసా మూతలం, శత్రువులు చింతగింజలు. ఎవరి వంతు వస్తే వాళ్లు ఇరవై ముఖాల పాచిక వేయాలి. పెద్ద అంకె పడితే దెబ్బ తగిలినట్టు, చిన్నది పడితే తప్పినట్టు.

కథ చెప్పడానికి మా మరిది, ఆడడానికి నేనూ మా ఆయనా ఉన్నాం. ఇంకొకరు కావలసి వచ్చినప్పుడు పక్క పోర్షన్‌లో కిరాయికి ఉండే సర్కారు దవాఖాన నర్సును పిలిచాం. ఆమెది మనూర్ దగ్గరి పల్లె. తాతల కాలంలోనే మిషన్‌లో కలిసి క్రైస్తవులైన కుటుంబం. భర్త లారీ ఎక్కితే వారాల తరబడి ఇంటికి రాడు. బిడ్డ హాస్టల్లో ఉండి చదువుతుంది. నన్ను చెల్లె అనేది, మా ఆయనను అన్నా అనేది. ఆ రెండు వరసలూ ఒక ఇంట్లో ఎలా కుదురుతాయని మేమెవరమూ అడగలేదు. ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా మా వసారాలోని చాప మీద కూర్చుంది.

మా మరిది అప్పటికే ఎవరికి ఏ పాత్రో అనుకుని పెట్టుకున్నాడు. "అక్కా, నువ్వు నర్సువు గదా. నువ్వు వైద్యురాలివి" అన్నాడు.

"వద్దు తమ్మీ. వారమంతా గదే పని. గీడ గూడ నాతోని కట్లు కట్టియ్యకు" అంది ఆమె.

అతను కాస్త తబ్బిబ్బయ్యాడు. డాలు పట్టుకుని ముందు నిలబడే పాత్ర ఒకటుందనీ, ఇంకొకటి స్ట్రైకర్ అనీ చెప్పాడు. స్ట్రైకర్ అంటే క్యారమ్ బోర్డు మీదిదేనా అని అక్క అడిగింది. కాదనీ, దెబ్బ కొట్టడమే ఆ మనిషి పని అనీ వివరించాడు. రెండు చేతుల్లో రెండు కత్తులు, చురుకైన కాళ్లు, అందరికన్నా గట్టి దెబ్బ. ఒంట్లో ప్రాణం మాత్రం అందరికన్నా తక్కువ. ఆమె ఇంకేమీ వినలేదు. గా పాత్రే నాకియ్యి అంది.

అలా వైద్యం మా ఆయన పాలబడింది. కందికి ఏ పురుగు పడితే ఏ మందు కొట్టాలో తన పురుగుమందుల దుకాణంలో కూర్చుని పొద్దంతా రైతులకు చెప్పేది తానే కనుక, ఇదీ అలాంటిదేనన్నాడు. డాలు నేను తీసుకున్నాను.

మొదటి పోరాటం దారికాచిన దొంగలతో. ముందున్నవాణ్ని నేను డాలుతో నిలేశాను. వాడి వెనక గడి ఖాళీగా ఉంది. అక్క ఆ గడిలోకి పోయి నిలబడితే చాలు. రెండు వైపులా మనిషి ఉంటే శత్రువు ఎటూ కాచుకోలేడు, అప్పుడు స్ట్రైకర్ దెబ్బ రెండింతలవుతుంది. అక్క మూత జరుపుతూ సరిగ్గా ఆ గడి దాకా వెళ్లింది. అంతలో మా ఆయన చేతికి బాణం తగిలిందని మా మరిది చెప్పాడు. ఆమె వెంటనే వెనక్కి తిరిగింది. శత్రువు అందుబాటులోంచి వీపు చూపించి పోతే వాడికి ఊరికే ఒక దెబ్బ కొట్టే అవకాశం వస్తుంది. వాడు కొట్టాడు. సగం ప్రాణం పోగొట్టుకుని ఆమె మా ఆయన దగ్గరికి చేరి, సంచిలోని మందు సీసా తీసి తాగించింది. వైద్యుడికే వైద్యం చేసిందని అందరం నవ్వాం. ఆమె కూడా నవ్వింది.

తర్వాతి వారాల్లోనూ అదే వరస. ఎవరికి గాయమైతే ఆమె మూత అటే పోయేది. కత్తులు రెండూ ఒరలోనే ఉండేవి. మా మరిది విసుక్కునేవాడు కాదు గానీ, శత్రువులను తగ్గించి పెట్టడం మొదలెట్టాడు. అది నాకు నచ్చలేదు. లెక్కల టీచర్ని కనుక ఆ గడుల మీద నాకు అప్పటికే మోజు పుట్టింది. బడిలో పరీక్ష గదికి కాపలా కూర్చున్నప్పుడు కూడా ఎక్కడ నిలబడితే ఎవరికి అందుతామా అని ఆలోచించేదాన్ని.

ఒక సాయంత్రం మేడమీద ఆమె ఆరిన బట్టలు తీస్తుంటే దుప్పటికి రెండో కొస పట్టుకుని నాకు తెలిసింది చెప్పాను. ముందు నువ్వు పోవద్దు, నన్ను పోనివ్వమన్నాను. నీ వంతు ముందే వచ్చినా కొట్టాలని లేదు, ఆగుతానని చెప్పి తర్వాత వాడుకోవచ్చు. శత్రువు నా మీదికి తిరిగాక పక్కనుంచి చుట్టిరా. కొత్తవాణ్ని కొట్టకు, నేను కొట్టినవాణ్నే కొట్టు. సగం చచ్చినవాడి దెబ్బ కూడా నిండు ప్రాణంతో ఉన్నవాడి దెబ్బలాగే తగులుతుంది, పూర్తిగా పడేదాకా మనకు ఒరిగేదేమీ లేదు. ఒకడు పడ్డాక మళ్లీ నా వెనక్కి వచ్చేయ్.

"నువ్వు వాణ్ని ఒక వంతు ముందే పడగొట్టినవనుకో, వాడు కొట్టే దెబ్బ ఎవరికీ తాకదు. తాకని దెబ్బకు కట్టు అక్కెరలేదు గదా అక్కా" అన్నాను.

ఆమె దుప్పటి మడత పెట్టడం ఆపి నావైపు చూసింది. "తెలుస్తనే ఉన్నది చెల్లె. గని ఎవలన్న పడితే నా కండ్లు గాడికే పోతయి" అంది.

అయినా నేర్చుకుంది. మెల్లగానే గానీ, బాగా నేర్చుకుంది. చలికాలం వచ్చేసరికి గ్రాఫ్ కాగితం పక్కన ఉడకబెట్టిన కందికాయల గిన్నె ఉండేది. అక్క కాయలు ఒలుస్తూ, నేను ఎటు జరుగుతానా అని చూస్తూ, ఆగుత తమ్మీ అనేది. మాకు ఓపిక చచ్చేంతసేపు ఆగేది. తర్వాత ఒకేసారి లేచి వెళ్లి దెబ్బ వేసేది. పాచిక వేసే ముందు రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కళ్లు మూసుకునేది. ప్రార్థన చేస్తున్నావా అని మా మరిది అడిగితే, గింత ముచ్చటకు దేవుణ్ని పరేషాన్ చెయ్యొద్దు అంది. ఒక ఆదివారం మేము మొక్కు తీర్చుకోవడానికి బోరంచ గుడికి పోతే, ఆట పోయిందని మర్నాడంతా నాతో ముభావంగా ఉంది.

కథలో మేము ఒక కోట దగ్గరికి చేరాం. దాని వాకిట్లో ఒక రాకాసి కాపలా ఉంది. దానికి చింతగింజ చాలదని మా మరిది నిమ్మకాయ తెచ్చి పెట్టాడు. ఇనుప గద పట్టుకున్న ఆ నిమ్మకాయ ముందుకు నేను వెళ్లాను. అక్క చుట్టి దాని వెనక్కి వెళ్లింది. మొదట్లో అంతా అనుకున్నట్టే సాగింది. ఆమె రెండు గట్టి దెబ్బలు వేసి వచ్చింది, రాకాసి రక్తం కారుతూ తూలుతోందన్నాడు మా మరిది. కానీ గద దెబ్బలన్నీ నాకే తగిలాయి. మా ఆయన దగ్గరున్న గాయాలు మాన్పే మంత్రాలు అయిపోయాయి. నేను పడిపోయాను.

పడిపోయినవాళ్లు వెంటనే చావరు. తమ వంతు వచ్చినప్పుడల్లా పాచిక వేయాలి. మూడుసార్లు చిన్న అంకె పడితే ప్రాణం పోయినట్టు. నాకు అప్పటికే రెండుసార్లు చిన్నవి పడ్డాయి. ఇప్పుడు అక్క వంతు. ఆమె సంచిలో ఒక్క మందు సీసా మిగిలింది.

అది నా నోట్లో పోస్తే కొంచెం ప్రాణంతో లేస్తాను. లేచేది రాకాసి కాళ్ల దగ్గరే. మరుక్షణం మళ్లీ గద పడుతుంది. అదే ఆమె కొడితే, ఒక్క మంచి దెబ్బ చాలు, అది కూలుతుంది. నేను మనసులో ఈ లెక్క వేసుకున్నాను. ఆమె కూడా వేసుకుంటోందని ఆమె ముఖం చూస్తే తెలుస్తోంది.

"ఏం చెయ్యమంటవు చెల్లె?" అంది.

నేను నోరు తెరిచేలోపే మా మరిది అడ్డం పడ్డాడు. స్పృహ లేని మనిషి మాట్లాడకూడదట. నియమం నియమమే. అక్క నా మూతను వేలితో తాకింది. అది ఎక్కడుందో అక్కడే వదిలేసి పాచిక తీసుకుంది.

"కొడ్త" అంది.

మూడు పడింది. దెబ్బ తప్పింది. రాకాసి గద తిప్పి మా ఆయనను గోడకు కొట్టింది. తర్వాత నా వంతు. నాకు నాలుగు పడింది.

"పోయినవ్ వదినా" అన్నాడు మా మరిది, మెల్లగా.

మా ఆయన ఏదో హాస్యమాడబోయాడు. నేను కళ్లతోనే వద్దన్నాను. అక్క లేచి, మంచినీళ్లు తాగొస్తానని వంటింట్లోకి వెళ్లింది. కాసేపు చూసి నేనూ వెళ్లాను. ఆమె గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉంది. నీళ్లు తాగలేదు.

"మందు పోస్తే నువ్వు లేస్తుంటివి" అంది.

"లేచి మళ్లా పడుతుంటి."

ఆమె తల ఊపింది గానీ వింటున్నట్టు లేదు. తర్వాత, నేను అడగకుండానే, ఒక సంగతి చెప్పింది. వానల్లో నాగల్‌గిద్ద వైపు నుంచి ఒక ముసలాయనను ఆటోలో తెచ్చారట. చేనులో పాము కరిచింది. ఆ రోజు వార్డులో ఆమెదే డ్యూటీ. డాక్టర్ చెప్పిన ప్రతి సూదీ చెప్పిన క్షణాన వేసిందట. సంగారెడ్డి పెద్దాసుపత్రికి అంబులెన్స్ ఎక్కించేటప్పుడు ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. చలి అంటే వార్డులోని దుప్పటే కప్పి పంపింది. దారిలోనే పోయాడని తర్వాత తెలిసింది. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. కొన్నాళ్లకు ఆయన భార్య బస్సెక్కి వచ్చి ఆ దుప్పటి ఉతికి, మడత పెట్టి తెచ్చి ఇచ్చిపోయింది.

"గామె నన్నొక్క మాటడిగినా బాగుండు. ఏమడగలే. బల్ల మీద పెట్టి పోయింది" అంది.

ఆ ముసలాయన గురించి మాట్లాడే అర్హత నాకుందనిపించలేదు. నాకు తెలిసింది ఆట ఒక్కటే. అందుకే ఆట గురించే మాట్లాడాను. "నువ్వు కొట్టింది మంచిగనే కొట్టినవ్ అక్కా. పాచిక పడలేదు. మళ్ల గట్లనే వస్తే మళ్ల కొట్టు" అన్నాను.

ఆమె ఆ నీళ్లు తాగింది. కొంగుతో ముఖం తుడుచుకుని, అన్న ఇంక బతికే ఉన్నడు గదా అంటూ వసారాలోకి నడిచింది.

నేను లేను కనుక రాకాసికి అవతలివైపు ఎవరూ లేరు. అక్క కాగితాన్ని చాలాసేపు చూసింది. తర్వాత మా ఆయనను లేచి దాని అవతలికి పొమ్మంది. ఆయనకు ఇంకొక్క దెబ్బ తట్టుకునేంత ప్రాణం కూడా లేదు. మందు సీసా ఆయనకు ఇచ్చింది, తన వంతు ఆపుకుంది. ఆయన తాగి, భయపడుతూనే చుట్టి వెళ్లి నిలబడ్డాడు. అప్పుడు కొట్టింది. పద్దెనిమిది. రెండు కత్తులూ దిగాయి. మా మరిది నిమ్మకాయను తీసి పక్కన పెట్టాడు. అక్క నా మూత ఎత్తి, కొంగుతో తుడిచి, నా చేతిలో పెట్టింది.

తర్వాతి ఆదివారం కోటలోకి పోదామని మా మరిది తొందరపెట్టాడు. డాలు పట్టిన మనిషిని మట్టి చేయకుండా లోపలికి అడుగు పెట్టేది లేదని అక్క పట్టుబట్టింది. కథలో ఎక్కడో ఒక రేగుచెట్టు కింద గొయ్యి తవ్వించింది. డాలు గొయ్యి మీద పెట్టించింది. మా ఆయన చేత నాలుగు మాటలు మాట్లాడించింది. ఆయన దుకాణం మాటలే మాట్లాడాడు, అయినా బాగానే చెప్పాడు. తర్వాత ఆమె తమ ఇంట్లోంచి బగారా అన్నం, కోడికూర తెచ్చి వడ్డించింది. నా దినం కూడు నేనే రెండుసార్లు వేయించుకుని తిన్నాను. అదే రోజు విలుకత్తెగా మళ్లీ పుట్టాను. ఇకనుంచి గదకు దూరంగా నిలబడాలని నిశ్చయించుకున్నాను. ముందు నిలబడే పని నేర్చుకోక తప్పదని మా ఆయన డాలు ఎత్తుకున్నాడు.

కందికోతల కాలంలో ఒక సెలవు రోజున అక్క నాగల్‌గిద్ద బస్సెక్కింది. ఎక్కడికని నేను అడగలేదు. సాయంత్రం వచ్చాక తనే చెప్పింది. పాము కరిచిన ఆ ముసలాయన భార్య కల్లంలో ఒంటరిగా కంది కొడుతోందట. ఈమెను చూసి గుర్తుపట్టి, తెలుగూ కన్నడమూ కలిపి కూర్చోమందట. దుప్పటి సర్కారుది గనుక తెచ్చి ఇచ్చాననీ, ఆ రోజు తన మనిషికి చలికాకుండా కప్పింది ఎవరో గుర్తుందనీ అందట. ఎవరైనా అడిగితే తప్ప ఆ మాట తనంతట చెప్పే మనిషి కాదట ఆ ముసలామె. మజ్జిగ ఇచ్చింది. పంట ఎంతొస్తుందో మాట్లాడుకున్నారు. పొద్దు ఇంకా ఉంది కదా అని అక్క కూడా కట్టె తీసుకుని, కల్లం సగమయ్యేదాకా కంది కొట్టి వచ్చింది.

అరచేతులు బొబ్బలెక్కాయి. ఆ ఆదివారం పాచిక నన్ను వేయమని, ఎప్పుడు కొట్టాలో మాత్రం తనే చెప్పింది.