పెంటకుప్ప కాడి మన్ను

మూడేళ్లుగా మిరప చేను ఎండిపోతుంటే, మట్టి పరీక్షకని సంచిలో మన్ను పోసుకొని కొత్తగూడెం బస్సెక్కాను. చండ్రుగొండలో ఎక్కి నా పక్కన కూర్చున్న ముసలామె, సంచిలోంచి చిటికెడు తీసి వాసన చూసింది.

“పెంటకుప్ప కాడి మన్ను గదా బిడ్డా?”

“అవ్. మా చేన్ల గదే మంచి మన్ను. అయితే ఏందమ్మా?” అన్నాను కోపంగా.

“రోగం చేనుకొస్తే కుప్పను దవాఖానకు తోలుకపోతున్నవా?” అని నవ్వింది.

అన్నాళ్లూ పురుగుమందుల షాపులను, ఆఫీసర్లను తిట్టిన నేను తర్వాతి స్టేజీలో దిగి ఇంటికొచ్చి, చేను నడుమ తవ్వాను. ఒక్క వానపామూ లేదు. మందు వాసన కొట్టింది. మా నాయన దున్నిన రోజుల్లో తొలకరికి ఆ నేల వాసన ఇల్లంతా నిండేది.

ఆ నడిమి మన్ను సంచిలో పోసుకొని మర్నాడు అదే బస్సెక్కాను. చండ్రుగొండ దాకా పక్క సీటు మీద నా తువ్వాలు పరిచి ఉంచాను.