లేత్ వెనక నిలబడే అన్న

బోరబండలో మాది చిన్న లేత్ షెడ్డు, ఇనుప రాడ్లను గిర్రున తిప్పుతూ చెక్కే పని. గచ్చిబౌలిలో కొత్త అపార్టుమెంటు లేచిందంటే గేట్లకు, షట్టర్లకు పొడుగు రాడ్లు మా దగ్గరికే వస్తాయి. మిషన్ నేను నడుపుతాను. రాడ్డు మిషన్ లోపలి గొట్టం గుండా పోయి, వెనక మూరెడు బయటికొస్తుంది. తిరిగేటప్పుడు ఆ కొస ఊగుతుంది. ఊగకుండా మా అన్న చేతికి గోనెగుడ్డ చుట్టుకుని దాన్ని పట్టుకునేవాడు. అది ప్రమాదమని ఎవరికైనా తెలుస్తుంది. మాకు మాత్రం ఏళ్ల తరబడి అదే పద్ధతి.

మొన్న ఎండాకాలం ఒక మధ్యాహ్నం రాడ్డు ఉన్నట్టుండి వంగి, గుడ్డను లాక్కుపోయి గోడను బాదింది. అన్న చెయ్యి వెంట్రుకవాసిలో తప్పింది. నేను మిషన్ ఆపి వెనక్కి పరుగెత్తాను. ఆయనేమో ఇంకో గుడ్డ వెతుకుతున్నాడు! నాకు ఒళ్లు మండింది.

"ఇగ నువ్వాడ నిలబడొద్దన్నా."

"ఏందిరా, నా చెయ్యి మీద నమ్మకం పోయిందా?"

నమ్మకం పోలేదు, ప్రాణం పోయినంత పనైంది. ఆ మాట అనకుండా, షెడ్డులో ఉన్న గోనెగుడ్డలన్నీ తీసి బయట పారేశాను. మూడు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. ఆ మూడు రోజుల్లోనే, అన్న చేతికి బదులు రాడ్డు కొసను పట్టుకునేలా, లేత్ పనివాళ్లు స్పైడర్ అనేది ఒకటి చేశాను. మిషన్ వెనక బిగించే మందపాటి పైపు, దాని చివర చుట్టూ నాలుగు బోల్టులు. లోపలున్న రాడ్డును అవి నాలుగు వైపులా నడిమధ్యన పట్టుకోవాలి. రాడ్డు మీద గీతలు పడకుండా బోల్టుల కొసలకు ఇత్తడి ముక్కలు కూడా పెట్టాను.

గొప్పగా మిషన్ వేస్తే కడకడమని ఒకటే మోత. అన్న దూరం నుంచే చెవి రిక్కించాడు.

"జర ఆపు. ఒక్క బోల్టే గట్టిగ బిగించినవ్, రాడ్డు పక్కకు జరిగింది. ఎదురెదురువి కొంచెం కొంచెం బిగియ్యాలె."

తనే వచ్చి, చేత్తో తిప్పి చూసుకుంటూ నాలుగూ సరిచేశాడు. నా పరువు పోయింది గానీ ఈసారి రాడ్డు కదలకుండా తిరిగింది. అన్న అలవాటు కొద్దీ వెనక్కి నడిచాడు. పట్టుకోవడానికేమీ లేక కాసేపు ఊరికే నిలబడ్డాడు. తర్వాత స్టూలు తెచ్చి నా ముందర వేసుకున్నాడు.

ఇన్నేళ్లూ మిషన్ తిరుగుతున్నంతసేపూ ఆయన నాకు కనబడేవాడు కాదు. కన్ను పని మీద, చెవి ఆయన మీద పెట్టి బతికాను. ఆ రోజు నా పనికి వంకలు పెడుతూ, రెండు చేతులతో గ్లాసు పట్టుకుని టీ తాగాడు. ఆ రెండు చేతులనూ చూస్తుంటే నాకు ఏడుపొచ్చేంత హాయిగా అనిపించింది.