చింతగింజల గంజితో అతికించిన రాకెట్టు

నిన్న తొలి బస్సులో ఆదోని నుంచి వచ్చిన మిల్లు మనిషి ఒకాయన ఎమ్మిగనూరులో మా ఇంటి ముందు నిలబడి, "అమ్మా, మీ చిన్నాయన తెల్లారుజామున పోయినాడు" అన్నాడు. ఊళ్లో ఉన్న మా నాన్నకు ఆ మాట చెప్పాల్సింది నేనే. పెద్దకడుబూరు బస్సెక్కి కూర్చున్నాను గానీ, దారి పొడుగునా నా కళ్ల ముందు ఒక అట్టగొట్టమే కనబడింది.

చిన్నాయన ఆదోని నూలుమిల్లులో ఫిట్టరు. చేతులు ఊరికే ఉండేవి కావు. అన్నం తింటూ కూడా పీట కాలు ఊగుతుందేమోనని తడిమి చూసేవాడు.

ఆ కరువు ఏడు నేను తొమ్మిదో తరగతి. అమ్మ అప్పటికే లేదు. వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. మధ్యాహ్నం పూట పడమటి నుంచి మబ్బులు వచ్చేవి, మేం చూస్తుండగానే మా చేను దాటిపోయేవి. నాన్న మాట్లాడడం మానేశాడు. ఒకరోజు ఆయన మంచం కింద పత్తికి కొట్టే పురుగుమందు డబ్బా కనబడింది. ఏడుస్తూ చిన్నాయన కోసం ఆదోని బస్సెక్కాను.

చిన్నాయన నాన్నను ఒక్క మాట అనలేదు. డబ్బా తీసుకెళ్లి ఎక్కడో పాతిపెట్టాడు. మరునాడు వచ్చి గోడ మీద బొగ్గుతో రాకెట్టు బొమ్మ గీశాడు.

"మబ్బులో ఉప్పు పడితే వాన వస్తాదని రేడియోలో సెప్పినారన్నా. మనం ఒకటి చేస్తాం. నేను ఆదివారం తప్ప రాలేను. నీ చెయ్యి కావల్ల."

నాన్న ఆ బొమ్మకేసి చూసి, "ఎగిరేదయితే సెప్పు" అన్నాడు. ఎన్నాళ్లకో విన్నాను ఆ గొంతు.

మిల్లులో నూలు చుట్టి పారేసిన అట్టగొట్టమే రాకెట్టుకు ఒళ్లు. మొనకు బొంగరం, దాని కింద గుప్పెడు ఉప్పు. జాతర్లకు బాణసంచా కట్టే ఆదోని సాహెబు మందు కూరి ఇచ్చేవాడు. చెక్క రెక్కలు మాత్రం నాన్నే కోసి, కంబళ్లకు పట్టించే చింతగింజల గంజితో అతికించాలి. ఒక రెక్క ఆరడానికి రెండు రోజులు. అది ఆరితే గానీ రెండోది అంటించకూడదు.

"నీడలో తిప్పుతా ఉండన్నా. ఎండకు వంకర పోతాది. కుక్కలు నాకుతాయి, ఇడిసిపెట్టి పోవద్దు" అని చెప్పి సైకిలెక్కేవాడు.

మొదటిది పక్కకు తిరిగి చేనులోనే పడి ఎండుతీగల్ని అంటించింది. నాన్న కాళ్లతో తొక్కి ఆర్పుతూ, "నీ ఫిట్టరు పని కాలిపోనూ!" అని తిట్టాడు. చిన్నాయన పకపకా నవ్వాడు. "తప్పు యాడుందో దొరికితే సగం పని అయినట్లే" అనేవాడు ప్రతిసారీ. రెండోది నేల మీదే పగిలింది.

మూడోది నిటారుగా లేచింది. నాన్న చేతులెత్తి మొక్కాడు. నేనూ మొక్కాను, దేవుడా, ఒక్క వాన అని. బొంగరం తిరిగొచ్చి గట్టు మీద పడింది. మబ్బు తూర్పుకు సాగిపోయింది. వారం తిరిగేసరికి చేనంతా మాడిపోయింది. నాన్న గట్టు మీద కూలబడి లేవలేదు. చిన్నాయన ఆయన ఒళ్లో కొత్త గొట్టం పెట్టి, "రెక్క ఇంగ రవ్వంత పెద్దది కావల్లన్నా. ఆదివారం వస్తా" అన్నాడు.

దానికి నాన్న రెక్కలు అతికించాడు గానీ, ఎగరేయనే లేదు. ఈలోగా చిన్నాయన నాన్నకు ఆదోనిలో పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో కూలిపని చూపించాడు. మా నాన్న ఈ రోజుకూ ఉన్నాడంటే ఆయన చలవే.

పెళ్లయ్యాక ఒకసారి అడిగాను: "అంగట్లో మంచి బంక దొరికేది కదా చిన్నాయనా, ఆ గంజి ఎందుకు?"

"బంక గంటలో ఆరిపోతాది పాపా" అన్నాడు. మళ్లీ తనే, "మబ్బు యాడ, మన గొట్టం యాడ? నాకు తెలీదా? ఆదివారం నుంచి ఆదివారం దాకా మీ నాయన చేతిలో ఏందన్నా ఒకటి ఉండల్ల. అంతే" అన్నాడు.

ఊళ్లో బస్సు దిగి నాన్నకు చెప్పాను. ఏడవలేదు. లోపలికి పోయి, అటక మీంచి ఎగరేయని ఆ పాత గొట్టం దింపి, వసారా నీడలో కూర్చున్నాడు. ఆఖరి చూపుకు ఆదోని పోవాలి, బస్సు వేళయిందని తొందరపెట్టాను. ఆయన రెక్కను బొటనవేలితో నొక్కి చూసి, గొట్టాన్ని మెల్లగా రెండో పక్కకు తిప్పాడు.

"రవ్వంత ఉండు పాపా. ఇంగా ఆరలేదు" అన్నాడు.